వివరణ లేని జవాబు చెల్లదు

ఆదివారం పొద్దున పదకొండు దాకా మా ఇంటి ఓనరు హనుమక్క వంటింట్లో కడప బండ మీద ఎవరూ గిన్నె పెట్టకూడదు. పెట్టారో, అయిపోయారే! ఆ బండ మీద సుద్దముక్కతో గళ్ళు గీసి ఉంటాయి. తొమ్మిది అడ్డం, తొమ్మిది నిలువు. లోకమంతా గళ్ళనుడికట్టులో కొన్ని గళ్ళు నల్లగా పూస్తే, హనుమక్క సుద్దతో తెల్లగా పూస్తుంది. బండే నలుపు కదా మరి.

ఇంకో వింత ఏమిటంటే, ఆ గళ్ళలో అక్షరాలన్నీ కన్నడం, మాటలన్నీ తెలుగు. హనుమక్క పుట్టిల్లు హొసకోటె. నాలుగు తరాల నుంచి వాళ్ళింట్లో తెలుగు, బడిలో కన్నడం. ఏడో తరగతి దాకా చదివింది గానీ తెలుగులో ఒక్క అక్షరం రాయడం ఎవరూ నేర్పలేదు. అయినా గడికి ఒక అక్షరం కాబట్టి, ఏ లిపిలో రాసినా తెలుగు మాట అన్నే గళ్ళలో సరిపోతుంది. మొదటిసారి చూసి నోరు తెరిచాను.

నా పేరు అర్చన. మాది నంద్యాల. వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం, కె.ఆర్. పురంలో హనుమక్క మేడ మీది గదిలో కాపురం. సాఫ్ట్‌వేరులో ఎవరెవరు ఏ తప్పు చేశారో పట్టుకుని వాళ్ళ మీద అరవడం నా ఉద్యోగం. నేను చేసిన తప్పు ఒప్పుకోవడానికి మాత్రం నలభై నాలుగు వారాలు పట్టింది.

బెంగళూరు తెలుగువాళ్ళ కోసం పదహారు పేజీల వారపత్రిక ఒకటి వస్తుంది. ఇంటి మీద బెంగ పెట్టుకున్న రోజుల్లో చందా కట్టాను. ఒక ఆదివారం మెట్ల మీద కూర్చుని చివరి పేజీలో గళ్ళనుడికట్టుతో కుస్తీ పడుతూ, కోపం ఆపుకోలేక ఒక ఆధారాన్ని పైకే చదివాను. "పిల్లవాడి పలకను తిరగేస్తే వడ్రంగికి పని దొరికింది. మూడక్షరాలట! ఇదేం తిక్క?"

కింద వరండాలో కనకాంబరాలు కడుతున్న హనుమక్క తల కూడా ఎత్తకుండా "కలప" అంది.

"ఎట్లా అక్కా?"

"పలకను తిప్పి చూడప్పా. కలప ఉండాది. కలప దొరికితే వడ్రంగికి పని ఉంటాది గదా. ఒక చివర అర్థం పెట్టినాడు, ఇంకో చివర చేసే పని పెట్టినాడు. మధ్యలో ఆ పిల్లోడు సుమ్నే, ఊరికే వచ్చినాడు, మనల్ని మాయ చేసేదానికి. మా నాయన పొడుపుకథలు ఇట్లే వేస్తా ఉన్నాడు. ఇంకొకటి చదువు."

ఇంకొకటి చదివాను. ఇంకొకటి. గంటన్నరలో మొత్తం అయిపోయింది. నాకు ఒళ్ళంతా జలదరించింది. ఏడేళ్ళ వయసులో జాతరలో గారడీ చూసినప్పుడు కూడా అంత సంబరపడలేదు నేను.

"నా పేరు రాసి పంపు పాపా. అచ్చులో ఎట్లుంటాదో చూస్తాను" అంది హనుమక్క, పూలబుట్ట సర్దుకుంటూ.

ఆ పత్రిక సంపాదకుడు బాలరాజు గారు. గళ్ళు కూర్చేదీ ఆయనే. ఆయనకొక మొండి నియమం ఉంది. ఉత్త జవాబులు పంపితే ఒప్పుకోడు. ఏ మాటను ఎలా విరిచారో, ఎక్కడ తిప్పారో ఒక్కొక్కదానికీ రాయాలి. 'వివరణ లేని జవాబు చెల్లదు' అని పేజీ నెత్తి మీదే అచ్చు వేస్తాడు. అంత ఓపిక నాకెక్కడిది? హనుమక్క చెప్పింది చెప్పినట్టే, 'అప్పా'లతో సహా ఫోన్‌లో టైప్ చేసి పంపేశాను. పేరు రాయాల్సిన చోట ఫోనే నా పేరు నింపేసింది. నేను చూసుకోలేదు.

తరువాతి వారం పత్రికలో 'అన్నీ సరిగ్గా పూరించినవారు' అన్న జాబితాలో మొదటి పేరు: అర్చన, కె.ఆర్. పురం. అయ్యో అనుకునేలోపే ఇంకో పాడుబుద్ధి పుట్టింది. నా పేరు అచ్చులో ఎంత బాగుందో! ఫోటో తీసి మా నాన్నకు పంపాను. ఆయన దాన్ని బంధువులందరికీ పంపి, నంద్యాలంతా చాటాడు.

హనుమక్క అడిగింది. "పేరు వేసినారా?"

"వేశారక్కా."

"ఏదీ, చదువు."

పత్రిక ఆమె ముందే పెట్టి, నా పేరు మీద కళ్ళు పెట్టి చదివాను. "హనుమక్క, కె.ఆర్. పురం."

"ఊఁ" అంది.

వచ్చే వారం సరిచేద్దామనుకున్నాను. ఆ పై వారం అనుకున్నాను. ప్రతి ఆదివారం ఆమె "ఏదీ, చదువు" అనేది, నేను ఆమె పేరే చదివేదాన్ని. తెలుగు చదవడం రాదులే అన్న ధైర్యం. సిగ్గులేనిదాన్ని, ఇంకేమనాలి?

జనవరిలో బాలరాజు గారే ఫోన్ చేశారు. "అమ్మా అర్చనా, ఏడాదిలో నలభైసార్లు అన్నీ సరిగ్గా పంపినవాళ్ళు ఆరుగురే ఉన్నారు. మీ ఆరుగురికీ విజయనగర్‌లో వేదిక మీద పోటీ పెడుతున్నాం. మీ వివరణలు మా ఆఫీసులో బిగ్గరగా చదువుకుని నవ్వుకుంటామమ్మా. తప్పక రావాలి."

ఫోన్ పెట్టేసి మెట్ల మీద కూలబడ్డాను. నిజం చెబితే జాబితాలో పేరు లేని హనుమక్కను పోటీకి రానివ్వరు. చెప్పకపోతే నేనొక్కదాన్నే వెళ్ళి, మొదటి ఆధారం దగ్గరే పరువు పోగొట్టుకుంటాను. ఏమైనా సరే, ఆ వేదిక మీద హనుమక్క గెలవాలి, ఆమె పేరే మైకులో మోగాలి. అది ఎలా జరుగుతుందో మాత్రం తెలియదు. "అక్కా, నిన్ను పోటీకి పిలిచారు" అని మాత్రం చెప్పాను.

పోటీ రోజు పట్టుచీర కట్టుకుని, తలలో తను కట్టిన కనకాంబరాలే పెట్టుకుని బయల్దేరింది. మెట్రోలో కె.ఆర్. పురం నుంచి విజయనగర్ దాకా దారంతా నా చేత పాత ఆధారాలు చదివించుకుంది. ఎదుటి సీటులో ఒకాయన హలసూరులో దిగాల్సినవాడు, జవాబు తెలుసుకోవాలని మెజెస్టిక్ దాకా వచ్చాడు.

హాలు నిండిపోయింది. బల్ల దగ్గర కూర్చున్న ఒకాయన తల ఎత్తకుండానే "పేరు?" అన్నాడు. "అర్చన... కానీ..." అన్నాను. 'కానీ' వినకుండానే బ్యాడ్జీ చేతిలో పెట్టి "చూపు ఆనని పెద్దవాళ్ళకు పక్కన ఒకరు చదివి పెట్టొచ్చు" అంటూ వెనకవాళ్ళను పిలిచాడు.

ఇదే దారి అనుకున్నాను. 'అర్చన' అని తెలుగులో రాసి ఉన్న బ్యాడ్జీని హనుమక్క చీరకే గుచ్చాను. ఆమె దాన్ని ఒకసారి కిందికి చూసుకుని, దాని మీద వేలితో మూడుసార్లు తట్టి "పదప్పా" అంది.

వేదిక మీద ఆరు బల్లలు, ప్రతి బల్ల మీద ఒక గంట, ఒక పెద్ద చార్టు. మా పక్క బల్ల వరూధిని గారిది. కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. రెండేళ్ళుగా మొదటి బహుమతి ఆమెదే. మమ్మల్ని చూసి చిన్నగా నవ్వింది. నాకెందుకో ఆ నవ్వు నచ్చలేదు. ఒంటికి కారం రాసుకున్నట్టయింది.

బాలరాజు గారు మైకు అందుకున్నారు. "ఇరవై ఆధారాలు, ముప్పై నిమిషాలు. ముందుగా పూర్తిచేసి గంట కొట్టినవారు ప్రతి జవాబునూ సభకు వివరించాలి. ఒక్క వివరణ తప్పినా అవకాశం రెండో గంటవారికి పోతుంది. మొదలుపెట్టండి!"

నేను చెవిలో చదవడం, ఆమె మార్కరుతో రాయడం. సుద్ద అలవాటైన చెయ్యి కదా, మొదటి రెండు గళ్ళూ అలికేసింది. "ఇదేం పుల్లప్పా, జారతా ఉండాది" అని విసుక్కుంది.

"నగము తడబడి సాంబారులో పడింది. మూడు."

"నుగ్గే!" అంది ఠక్కున. కన్నడంలో మునక్కాయ పేరు. నేను బెదిరిపోయాను. "రెండే అక్షరాలక్కా, మూడు కావాలి. పైగా తెలుగు."

నాలుక కరుచుకుంది. "సాంబారు అనగానే నోరు కన్నడం మాట్లాడేసె. మునగ. నగముని కలిపి కలియబెట్టు. రాయి, రాయి... నేనే గదా రాయాల్సింది!"

ఇద్దరం నవ్వాపుకోలేక బల్ల పట్టుకున్నాం. పది నిమిషాలకు ఎనిమిది. ఇరవై నిమిషాలకు పదహారు. వరూధిని గారి మార్కరు ఆగకుండా పరుగెత్తుతోంది. నా కాళ్ళు నేల మీద నిలవడం లేదు. ఇంక ఒక్కటే మిగిలింది, ఒకటి నిలువు. మొదటి గడిలో 'క' అప్పటికే పడి ఉంది.

"చెరువు తలచోట కట్టడం మొదలైతే మిగిలేది. మూడు" అని చదివాను.

హనుమక్క మార్కరు ఎత్తింది, ఆగిపోయింది. ఒక్క క్షణం ఆమె ముఖంలో నవ్వు పోయింది.

టింగ్! వరూధిని గారి గంట.

"అక్కా!" అని అరిచాను. ఆమె గబగబా రెండక్షరాలు రాసి గంట మీద అరచేత్తో ఒక్కటిచ్చింది. టింగ్ అనాల్సిన గంట దొర్లి కింద పడింది. కానీ మాది రెండోది. ఒక్క నిమిషం తేడా. నాకు ఏడుపొచ్చింది.

వరూధిని గారు లేచి వివరించడం మొదలుపెట్టింది. బాగా చెప్పింది, ఒప్పుకోవాలి. పంతొమ్మిది జవాబులు గడగడా విప్పేసింది. చివరికి ఒకటి నిలువు దగ్గరకు వచ్చింది. "కరువు. చెరువు ఎండితే మిగిలేది కరువే కదా!"

"ఆధారంలో ఎండడం అన్న మాట లేదమ్మా. తల ఎందుకుంది, కట్టడం ఎందుకుంది?" అన్నారు బాలరాజు గారు.

ఆమె చార్టు చూసింది. పైకి చూసింది. "మొదటి అక్షరం అడ్డం వైపు నుంచి వచ్చింది. మిగిలింది అర్థాన్ని బట్టి వేశాను" అంది నిజాయితీగా, కూర్చుంటూ.

"రెండో గంట!"

హనుమక్క మైకు ముందుకు వచ్చింది. చార్టు చూసి ముందు వరసలో ఎవరో "అరె, అంతా కన్నడంలో ఉందే!" అన్నారు. గుసగుసలు. బాలరాజు గారు దగ్గరకు వచ్చి కళ్ళజోడు సరిచేసుకుని ఒక్కొక్క గడీ చూశారు. "మాట తెలుగే కదా. వివరణ కూడా తెలుగులో చెబితే నాకు చాలు. చెప్పమ్మా."

హనుమక్క మొదలుపెట్టింది. "మందారం తల తుంచితే పూలు కట్టేదానికి పనికొస్తుంది అన్నాడు. మందారంలో 'మం' తుంచితే దారం. ఈయప్ప పూలు కట్టే మనిషి కాదు. మందారం ఎవురూ కట్టరు, విడిగా పెడతారు. కానీ దారానికి కట్టినాడు, తెలివైనోడే!"

సభ గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది బాలరాజు గారే.

"ఒకటి అడ్డం. మేకలు వచ్చే దారిలో దాగిన పువ్వు. మేకల్ని చూడొద్దండప్పా, అవి సుమ్నే వచ్చినాయి. మేకలు వచ్చే అనే మాటలు పక్కపక్కన పెట్టి, ముందర 'మే' వదిలేసి చదవండి. క, లు, వ. కలువ! రెండు మాటల సందులో కూర్చోనుండాది."

చప్పట్లు. ఒక్కో వివరణకూ చప్పట్లు. వెనక వరసవాళ్ళు కుర్చీలెక్కి నిలబడ్డారు. నేను రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాను, లేకపోతే కేకలు వేసేదాన్ని. పంతొమ్మిది అయ్యాయి.

"ఇంక ఆఖరిది" అంది హనుమక్క. గొంతు నెమ్మదించింది. "చెరువు తల అంటే మొదటి అక్షరం, 'చె'. దాని జాగాలో కట్టడం మొదలు. కట్టడం అనే మాట మొదట్లో ఏముండాది? 'క'. 'చె' పాయె, 'క' వచ్చె. కరువు. లెక్క అంతే. కానీ నేను పెండ్లయి వచ్చినప్పుడు మా ఇంటి ఎనక చెరువు ఉన్నింది. ఇప్పుడు ఆడ పన్నెండంతస్తులు ఉండాది, మా వీధికి ట్యాంకరు వస్తా ఉండాది. ఇది రాసినాయన మా వీధి చూసినాడేమో అనుకున్యా. అందుకే గంట కొట్టేది ఆలస్యమాయె."

హాలు దద్దరిల్లిపోయింది. వరూధిని గారు కూడా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

బాలరాజు గారు మైకు లాక్కున్నంత పని చేశారు. "ఈ ఏడు మొదటి బహుమతి, కె.ఆర్. పురం అర్చన!"

ఆ పేరు హాలంతా మోగింది. ఏడాదిగా నాకెంతో ముద్దుగా కనబడిన నా పేరు, ఆ క్షణాన చెంప మీద కొట్టినట్టయింది. హనుమక్క చేతులు జోడించి నిలబడే ఉంది. ఇప్పుడు నోరు విప్పితే బహుమతే పోవచ్చు. విప్పకపోతే ఆమె ఆట మొత్తం నా పేరు మీద పోతుంది. మైకు దగ్గరకు నడిచాను.

"ఆగండి. అర్చన నేను. ఈమె హనుమక్క. ఏడాది పొడుగునా పూరించింది ఈమె. నా పేరు మీద పంపి, ఈమెకు అబద్ధం చదివి వినిపించింది నేను. నన్ను ఏమన్నా అనండి. ఈమె గెలిచింది. అది మాత్రం తీసేయొద్దు!" చివరికి అరిచేశాను. అరవడం నాకు అలవాటే, ఏడుస్తూ అరవడం అదే మొదలు.

వరూధిని గారు నెమ్మదిగా అడిగింది. "ఏడాదంతా పూరించింది ఈమే అనడానికి రుజువేముందమ్మా? జాబితాలో లేని మనిషి పోటీకి ఎలా అర్హురాలవుతుంది?" తప్పు ప్రశ్న కాదు.

బాలరాజు గారు తన సంచీలోంచి ఒక లావుపాటి ఫైలు తీశారు. నేను పంపిన మెయిళ్ళన్నీ ప్రింటు తీసి పెట్టుకున్నాడు ఆ మహానుభావుడు! ఒక పేజీ తీసి, అందులో రాసింది ఆమెకు కనబడకుండా పట్టుకుని, "హనుమక్కా, ఇది పదిహేడో వారంలోది. శిరస్సూ కర్రా కలిస్తే హాయిగా నిద్ర. నాలుగు. వివరించండి" అన్నారు.

హనుమక్క ఆలోచించను కూడా లేదు. "తలగడ. శిరస్సంటే తల, కర్రంటే గడ. కొయ్య మీద తల పెట్టి ఎవురు నిద్రపోతారప్పా? ఈయన నిద్రపుచ్చినాడు!"

బాలరాజు గారు కాగితం వరూధిని గారి చేతికిచ్చారు. ఆమె మైకు దగ్గరకు వచ్చి చదివింది. "తల, గడ. తలగడ. కొయ్య మీద తల పెట్టి ఎవురు నిద్రపోతారప్పా..." చదువుతూ చదువుతూ ఆమెకే నవ్వొచ్చింది. సభంతా నవ్వు. కాగితం మడిచి, హనుమక్క చెయ్యి పట్టుకుంది. "జవాబు ఎవరైనా చూసి రాయొచ్చు. ఈ గొంతు ఇంకొకరిది కాదు. నాకు అభ్యంతరం లేదండీ."

"నాకు మొదటి నుంచీ అనుమానమే" అన్నారు బాలరాజు గారు నాకేసి చూస్తూ. "ఫోన్‌లో నీ మాట వేరు, కాగితం మీద మాట వేరు." ప్రశంసాపత్రం మీద నా పేరు కొట్టేసి, మైకులో గట్టిగా పలుకుతూ పైన రాశారు. "హ-ను-మ-క్క!"

నేను ఎగిరి గంతేశాను. నిజంగానే గంతేశాను, బల్ల మీదున్న ఇంకో గంట కూడా కింద పడింది.

తరువాతి ఆదివారం పత్రిక వచ్చింది. కడప బండ మీద ఇంకా గళ్ళు గీయలేదు. హనుమక్క చెయ్యి తుడుచుకుని పక్కన కూర్చుని, ఎప్పటిలాగే "ఏదీ, చదువు" అంది.

"పోటీ విజేత: హనుమక్క, కె.ఆర్. పురం" అని చదివాను.

ఆమె వేలు ఆ అక్షరాల కిందే నెమ్మదిగా జరిగింది. "ఊఁ. ఈ వారం సరిగ్గా చదివినావు."

"అక్కా! నీకు తెలుగు చదవడం వచ్చా?"

"రాసేది రాదు. చదివేదానికేముండాది, మీ అక్షరాలకీ మావాటికీ తలకట్టు కాడే గదా తేడా? పైగా అర్చన మూడు గళ్ళు, హనుమక్క నాలుగు. గళ్ళు లెక్కపెట్టేది నాకు నువ్వు నేర్పించాల్నా?"

"మొదటి వారమే తెలిసిందా? మరి ఒక్కసారి కూడా అడగలేదేం?"

"జవాబు నాకు తెలుసు పాపా" అంది హనుమక్క, సుద్దముక్క నా చేతిలో పెడుతూ. "వివరణ నువ్వు గదా చెప్పాల."